మూడో ఆదివారం నేను లేచి నిలబడ్డాను

మొన్న మా మనవరాలు బడి నుంచి వచ్చి, అమెరికా కథల పుస్తకమొకటి ఒళ్లో పెట్టుకుని ఇంగ్లీషులో గడగడా చదువుతూ ఉంటే, నాకు ముక్క అర్థం కాకపోయినా పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ విన్నాను. ఎవరి కథే అది అని అడిగితే, పెళ్లి వద్దని ఇల్లు వదిలి పంతులమ్మయిన పిల్ల అమ్మమ్మా అంది. ఉన్నట్టుండి నా చెయ్యి ఆగిపోయింది. అలాంటి పిల్లను నేనెరుగుదును. ఆ రోజుల్లో రాజమండ్రి మిషను బోర్డింగులో చదువుకున్న నా ఈడువాళ్లు మీరూ ఎరిగే ఉంటారు.

మధ్యాహ్నం పూట మేమందరం వసారాలో చాపల మీద కూర్చుని లేసు అల్లుతూ ఉంటే, అమెరికా నుంచి వచ్చిన మా దొరసాని గారు తమ దేశపు పాత కథలు వచ్చీరాని తెలుగులో చెప్పేవారు. వాటిలో ఒక తల్లిలేని పిల్ల కథ నన్ను బాగా పట్టుకుంది. మేనమామ కుదిర్చిన సంబంధం తనకు ఇష్టం లేదని ఆ పిల్ల పదిమందిలో లేచి చెప్పి, పక్క ఊళ్లో బడి పెట్టుకుని బతికిందట. మా సందేహాలు వేరు: ఆ ఊళ్లో దానికి తోడెవరు పడుకున్నారు, అన్నం ఎవరు వండిపెట్టారు, మేనమామ ఊరికే వదిలేశాడా! దొరసాని గారు పడీపడీ నవ్వి, తమ దేశంలో ఆడపిల్ల మనసుకు విలువుందని చెప్పారు. ఆ మాట నేను నిజమనే నమ్మాను.

నాకప్పటికి ఒకటే కోరిక, పంతులమ్మ ట్రైనింగులో చేరి చిన్నపిల్లల తరగతికి పాఠం చెప్పాలని. తణుకు దగ్గర ఒక ఆసామి పొలంలో పాలేరుగా ఉన్న మా నాన్న, నా నోట ఆ సంగతి రాకముందే, ఊరూరా తిరిగి వాక్యం చెప్పే ఒక ఉపదేశి గారికి నన్నిస్తానని మాటిచ్చేశాడు. ఆయనకు భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. వద్దని అమ్మ దగ్గర ఏడిస్తే, నోర్ముయ్యవే, నీకేం తెలుసని కసిరింది. దొరసాని గారికి చెప్పబోతే ఆవిడ నా మాట పూర్తి కానివ్వకుండా తల నిమిరి, ఉపదేశికి చదువొచ్చిన భార్య దొరకడం దేవుడి దయ అని మురిసిపోయారు.

మా గుడిలో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు పాస్టరు గారు ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమంటారు. ఎవరూ ఏమీ అనరు. అందరూ తరవాతి కీర్తన వెతుక్కుంటూ ఉంటారు. ఎవరికైనా అన్నారు కదా, అందులో నేనూ ఉన్నాననే పిచ్చి నమ్మకం నాది. రెండు ఆదివారాలు ధైర్యం చాలలేదు. మూడో ఆదివారం ఆడవాళ్ల వరసలోంచి లేచి, "నాకుందండి" అన్నాను.

గుడి గుడంతా ముక్కున వేలేసుకుంది. పాస్టరు గారు మంచివారే, కోప్పడలేదు. "ఏంటమ్మా నీ అభ్యంతరం? ఆయన భార్య బతికుందా? మీకు వరస కుదరదా?" అని అడిగారు.

"అదేం కాదండి. నాకిష్టం లేదండి."

"అది అభ్యంతరం కిందకి రాదమ్మా, కూర్చో" అని మెత్తగా చెప్పి, కీర్తన ఎత్తుకోమన్నారు. నేను ముందు వరసలో ఉన్న దొరసాని గారి వైపు చూశాను. ఆవిడ పుస్తకం తెరిచి అందరితో పాటు పాడడం మొదలుపెట్టారు.

నేను కూర్చున్నాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పెళ్లినాడు తలలో పూలు పెడుతూ ఉంటే ఎవరి తలలోనో పెడుతున్నట్టుంది. ఆయన చెడ్డవారు కారు. ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు, గుడిలో జరిగిన సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఆయన పిల్లలిద్దరినీ, నా కడుపున పుట్టినవాళ్లనూ పెంచాను. సుఖంగా ఉన్నావా అని ఎవరైనా అడిగి ఉంటే, నిజంగా నాకేం చెప్పాలో తెలిసేది కాదు.

ఇప్పుడు కాలం మారింది. మన ఆడపిల్లలు పరీక్షలు పాసవుతున్నారు, పంతులమ్మలవుతున్నారు. వాళ్లను చూస్తే సంతోషమే, దాచుకోవడమెందుకు, కాస్త కుళ్లు కూడా. పెళ్లి ప్రకటన మాత్రం ఇంకా ఆ మాటలతోనే చదువుతారు. అభ్యంతరం ఉందా అని అడిగిన ఆ కాసేపూ పెళ్లికూతురి మొహం వైపు ఎవరూ చూడరు. నేను చూస్తాను. ఏ పిల్లయినా లేస్తే పక్కన నేనూ లేచి నిలబడదామని కాళ్లు కూడదీసుకుని కూర్చుంటాను. ఇన్నేళ్లలో ఒక్కరూ లేవలేదు.