గంట మోగేటప్పటి గొణుగుడు

ధర్మవరంలో మా చర్చికి నేను ఉపదేశిని. పదహారేళ్లుగా చూస్తున్నాను, శౌరమ్మంత అనుమానపు మనిషి ఇంకొకరు లేరు. స్టేషను దగ్గర ఇడ్లీలు అమ్ముతుంది. పాలు పోసే గంగప్ప ముందరే గిన్నెలో వేలు ముంచి చూస్తుంది, ఆ తర్వాతే అతనితో మాట. చర్చిలోనూ అంతే. "ఏమప్పా, పూజ నడమ ఫాదరు చేతులు కడుక్కుంటా లోలోపల ఏమో అంటాడే, ఏమది?" అని ఒకసారి నిలదీసింది. నా పాపం కడుగు స్వామీ అని, దావీదు కీర్తనలోని మాటలమ్మా అన్నాను. "అంత మంచి మాటైతే గట్టిగా అనొచ్చు కదా" అంది.

ఆమె కొడుకు మనోజ్ మగ్గాలవాళ్ల పిల్ల కావ్యను ఇష్టపడి చేసుకున్నాడు. కావ్య తనంతట తానే జ్ఞానస్నానం అడిగింది. ఏడాదిపాటు నా దగ్గర పాఠాలు నేర్చుకుంది. గొంతు బాగుందని పాటలవాళ్లలో, పీఠం పక్కన, జనానికి ఎదురుగా కూర్చోబెట్టాను. జ్ఞానస్నానం పెట్టుకున్న పాస్కా పండుగ, అదే ఈస్టరు, ఇంకా మూడు వారాలుందనగా శౌరమ్మ నా మీదికి వచ్చింది.

"ఆ పిల్ల జ్ఞానస్నానం నిలపల్లప్పా. ఫాదరు అప్పం పైకెత్తి గంట మోగినప్పుడల్లా దాని పెదాలు కదుల్తాండాయి. ఏ దేవుణ్ణి పిలుస్తాండాదో, నాకేం చెరుపు చేస్తాండాదో."

"ఆ గడియలో నువ్వూ గొణుగుతావు కదమ్మా?"

"నేను మా అవ్వ నేర్పింది అంటా. నా ప్రభువా, నా దేవా."

"అది ఎవరి మాటనుకున్నావు? ఏసు శిష్యుడు తోమాసుది. చనిపోయిన ప్రభువు తిరిగి లేచాడంటే, గాయంలో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు. ప్రభువే ఎదురుగా నిలబడి, పెట్టు వేలు అన్నాక అతని నోట వచ్చింది. నీలాంటోడే. కాకపోతే మొహం మీదే అడిగినాడు."

ఆమెకు రోషం వచ్చింది. అప్పటికప్పుడు ఫోను చేసి కావ్యను నా ముందుకు పిలిపించింది. నాకూ లోపల గుబులే. ఆ పిల్ల నిజంగా ఇంకేదో అంటోందంటే ఫాదరుకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

కావ్య తల వంచుకునే చెప్పింది. "మా ఇంట్లో మూడు మగ్గాలు సార్. ఆ మోతలో ఎవరి మాటా ఇనపడదు. చిన్నప్పట్నుంచి పెదాలు చూసే మాట్లాడుకుంటాం. అత్త నాకు ఎదురుగా కూర్చుంటాది. నా ప్రభువా, నా దేవా అంటాది. ఆ మీదట, ఈ పిల్లను మా ఇంట్లో ఉంచొద్దు సామీ అంటాది, వారం వారం. అత్త మాట ఇనొద్దు సామీ అని నేను అంటాండా. అంతే సార్."

శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మరుసటి ఆదివారం శౌరమ్మ ముందు వరసలోకొచ్చి కూర్చుంది. ఫాదరు అప్పం పైకెత్తాడు, నేను గంట కొట్టాను. ఆమె తలెత్తి, కావ్య వైపు తిరిగి, నిదానంగా పెదాలు కదిపింది. నాకు ఒక్క ముక్క తెలియలేదు. కావ్య మాత్రం తర్వాతి పాట అందుకోలేకపోయింది.

పూజ అయ్యాక ఉండబట్టలేక అడిగాను, మీ అత్త ఏమందని.

"అది చెప్పను సార్" అని కళ్లు తుడుచుకుంది. "ఈ పొద్దు మాత్రం నేను అడ్డం చెప్పల్యా. ఆమెన్ అన్నా."