నీలం సీసా మీద రాసిన వాక్యం

అన్న రక్తంలో అమ్మోనియా పెరిగిందని డాక్టరు చెప్పిన రోజునే ఆ మాట మా వదిన చెవిన మొదటిసారి పడింది. తాగి తాగి అన్న కాలేయం పాడైంది. కాలేయం వడకట్టాల్సిన విషం తలకెక్కడంతో పొద్దున నన్నే పట్టుకుని ఎవరు నువ్వని అడిగేవాడు, మధ్యాహ్నానికి మగతలో పడిపోయేవాడు. దానికి ఒక తియ్యటి సిరప్ రాసిచ్చారు. మూడు పూటలా దాన్ని మూతతో కొలిచి నోట్లో పోసింది వదినే. నాలుగు నెలలు పోసింది. ఐదో నెలలో అన్న పోయాడు.

చుట్టూ అరవమే మాట్లాడే కోసపాళయంలో మూడు తరాల నాటి ఇల్లు మాది. కింద అమ్మా వదినా, మేడ మీద నేను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం నాకొక్కడికే వచ్చు. అదీ యానాం నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర పెద్దయ్యాక నేర్చుకున్నది. వదిన అరవం చదువుతుంది. ఇంగ్లీషు రాదు. నా పని సముద్రపొడ్డున వైట్ టౌన్‌లోని గెస్ట్‌హౌసుల్లో ఉప్పునీటి చేపల తొట్లు చూసుకోవడం.

కొత్తగా వచ్చిన చేపల్ని నేరుగా పెద్ద తొట్టిలో వేయకూడదు. వాటి ఒంటి మీద రోగం ఉంటే అందులో ఉన్నవాటికీ అంటుకుంటుంది. అందుకని మేడ మీద గదిలో ఒక గాజు తొట్టి విడిగా పెట్టి, నాలుగైదు వారాలు అక్కడే ఉంచుతాను. అన్న పోయిన ఏడాదికి, ఒక గెస్ట్‌హౌసు యజమానురాలు తొందరపెట్టడంతో మద్రాసు నుంచి ఐదు చేపలు తెప్పించాను. రెండు నారింజ రంగువి, ఒకటి నిమ్మపండంత పసుపు, రెండు నీలం రంగువి. మూడో రోజుకే పసుపు చేప రెక్కల మీద రవ్వ చల్లినట్టు తెల్ల మచ్చలు లేచాయి. ఆ రోగానికి నీళ్ళలో రాగి మందు కలిపాను.

అసలు తప్పు అంతకు ముందే చేశాను. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళితే నీళ్ళలో అమ్మోనియా పుడుతుంది. పాత తొట్టిలో అయితే ఫిల్టరు స్పాంజిలో పెరిగిన సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి. కొత్త తొట్టికి కావాల్సిన స్పాంజిని నెల ముందే పాత తొట్టిలో నానబెట్టి ఉంచాలి. నేను ఉంచలేదు. కొత్త స్పాంజి, ఖాళీ తొట్టి, ఐదు చేపలు. ఇక రోజూ రెండు పూటలా సగం నీళ్ళు తీసి, ఉప్పూ రాగీ సరిచూసిన కొత్త నీళ్ళు పోయడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఒకరోజు వదిన బట్టలు ఆరేయడానికి మేడ ఎక్కి, నేను గాజు గొట్టంలో నీళ్ళు తీసి చుక్కలు వేయడం చూసింది.

"ఏంది తంబీ అది?"

"అమ్మోనియా చూస్తాండా వదినా. పసుపుగా ఉంటే మంచిది. పచ్చగా తిరిగితే చేపకి విషం."

ఆమె చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. "మీ అన్నకి వచ్చిందే, అదేనా?"

"అదే."

మర్నాటి నుంచి పొద్దున్నే ఆమే పైకి వచ్చేది. వారం తిరక్కుండా పరీక్ష చేయడం నాకంటే ఓపికగా నేర్చుకుంది. చుక్కలు వేసి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూసేది. బకెట్లు నన్ను మోయనిచ్చేది కాదు. మేత మిగిలితే చిన్న గొట్టంతో పీల్చి తీసేసేది. పసుపు చేప మేత తిన్న రోజున కిందికి పోయి అమ్మకు చెప్పింది. ఏడాది తర్వాత ఆమె గొంతు అంత గట్టిగా వినడం అదే మొదలు.

రెండో వారంలో పంపు ఒకటి కొనడానికి మద్రాసు వెళ్ళాను. ఆ సాయంత్రమే పెద్ద వాన పట్టుకుంది. బస్సులు నిలిపేశారు. మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగినప్పుడు నేను బస్టాండులో జనం మధ్య నిలబడి ఉన్నాను.

"తంబీ, కలిపిపెట్టిన ఉప్పునీళ్ళు అయిపోయినాయి. గొట్టం పచ్చగా ఉండాది."

"లేత పచ్చా, ముదురా?"

"ముదురే. పసుపుది పైకొచ్చి నోరు తెరుస్తాంది. ఏం చేసేది?"

"అలమరలో నీలం సీసా ఉంటుంది చూడు. దాంట్లోది ఒక మూత పొయ్యి."

"ఒక మూడి చాలునా?"

"చాలు."

ఎవరో నన్ను తోసుకుంటూ పోయారు. ఫోను పెట్టేశాను.

మర్నాడు నేను ఇల్లు చేరేసరికి ఐదు చేపలూ అడుగున పడి ఉన్నాయి. ఆమె వాటిని తీయలేదు. నేలంతా తడిగా ఉంటే, ఆ తడిలోనే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

నీలం సీసా చేతిలోకి తీసుకోకముందే నాకు విషయం గుర్తొచ్చింది. అది అమ్మోనియాను కట్టిపడేసే మందే. కానీ నీళ్ళలో రాగి ఉన్నప్పుడు వాడితే ఆ రాగే చేపలకు విషమవుతుంది. కొన్న రోజే చదివాను. సీసా వెనక ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం, చిన్న అక్షరాల్లో.

"ఒక మూడి పోసినా తంబీ," అంది. "గంట చూసినా. రంగు మారలా. ఇంగో మూడి పోసినా. ఎక్కువైపోయిందా? ఏం రాసుందో చదువు."

ఆ మందు పని చేసినా ఆ పరీక్షలో రంగు మారదు. అదీ ఆమెకి చెప్పలేదు నేను. సీసా తిప్పి ఆ వాక్యం మీద వేలు పెట్టాను.

"రోజుకి ఒక మూతకి మించి పొయ్యకూడదని రాసుంది," అన్నాను.

ఎందుకలా అన్నానో తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. నా పని మీద ఆమెకున్న గౌరవం పోతుందని కావచ్చు. ఆ క్షణంలో అది సులువుగా నోటికొచ్చింది, అంతే. ఆమె తలూపింది. లేచి చేపల్ని ఒక్కొక్కటిగా చేత్తోనే తీసి పాత పేపర్లో చుట్టింది.

తర్వాత ఆమె మేడ ఎక్కలేదు. ఇంట్లో ఏదీ కొలిచేది కాదు. అన్నానికి బియ్యం కూడా అమ్మనే పొయ్యమనేది. అమ్మకిచ్చే మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "నువ్వే ఇయ్యి" అని వెళ్ళిపోయేది. నేను చూస్తూనే ఊరుకున్నాను. రెండు నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే వంటింటి గడప మీద కూర్చుని తనే మొదలుపెట్టింది.

"ఒకటి చెప్తా తంబీ. ఎవురికీ చెప్పలా. మీ అన్న కడ వారంలో పిలిస్తే పలకలా. పలుకుతాడని సిరప్పు ఇంగో మూడి ఎక్కువ పోసినా. రెండు దినాలు. చేపలకి చేసినట్టే చేసినా ఆయనకీ."

అక్కడే ఆమె ఎదురుగా నేల మీద కూర్చుండిపోయి అంతా చెప్పాను. నానబెట్టని స్పాంజి, రాగి, సీసా వెనక వాక్యం, నేను మార్చి చదవడం. ఒక మూత పోసినా అవి చచ్చిపోయేవేననీ, పొయ్యమన్నది నేనేననీ చెప్పాను.

ఆమె ఏడవలేదు. "ఆ సీసా తే," అంది. తెచ్చాను. "ఇప్పుడు ఒక్కొక్క మాటా చదువు." చదివాను. ఒక్కో మాటకీ తెలుగు చెప్పాను.

"అన్న చనిపోయింది నువ్వు ఎక్కువ పోసినందుకు కాదు వదినా. ఆయన కాలేయం అప్పటికే—"

"నీ మాట ఎట్లా నమ్మేది?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది.

ఆ నెలలోనే ఏంబలంలో ఉన్న తన తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళకి వరి పొలం ఉంది, పనికి మనుషులు చాలడం లేదు అని అమ్మకు చెప్పింది. ఎప్పుడొస్తావని అమ్మ అడిగితే, చీరలన్నీ మడిచి పెట్టెలో పెట్టుకుంది.

నేను అన్నకు వైద్యం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన పాత కాగితాలన్నీ తిరగేసి చూశాడు. ఆ రెండు మూతల వల్ల పోయే ప్రాణం కాదనీ, అప్పటికే చేయి దాటిపోయిందనీ అన్నాడు. ఆ మాట పట్టుకుని ఏంబలం బస్సెక్కాను.

వదిన పొలం నుంచి మోకాళ్ళ దాకా బురదతో వచ్చింది. కాళ్ళు కడుక్కుని, కాఫీ పెట్టి ఇచ్చి, అంతా విన్నది.

"డాక్టరు అన్నాడా, నువ్వు అంటాండావా?"

"డాక్టరే వదినా. కావాలంటే రా, ఆయన చేతే నీకు చెప్పిస్తా."

"వద్దులే," అంది. "ఆయన దగ్గిరికి పోతే మల్లీ అంతా మొదట్నించి వినాల."

గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆమె తమ్ముడు నన్ను రోడ్డు దాకా దిగబెట్టాడు. బస్సు కోసం అరగంట నిలబడ్డాను. ఆమె బయటికి రాలేదు.