మంచం అంచు తుడిచిన చేయి

గత నెల తార్నాకలోని మా ఇంట్లో నా భార్య కన్నుమూసింది. యూనివర్సిటీ క్యాంపస్‌లోని చిన్నపిల్లల బడిలో మీకో, మీ పిల్లలకో టీచరుగా తెలిసినావిడే. విషయం తెలిసి చాలామంది ఫోన్ చేశారు. ఆమె గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, చివర్లో అందరూ ఒకటే అన్నారు: "మీరు మంచిగ చూసుకున్నరు సార్." ఆ మాట నాకు చెందదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె గురించి చెప్పాలి.

నేను అదే క్యాంపస్‌లో ఆఫీసు ఉద్యోగం చేశాను. సాయంత్రం ఆమెను స్కూటర్ మీద ఇంటికి తీసుకెళ్లడానికి వెళ్లి, బడి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. ఒకరోజు ఆమె పూసల దండను డబ్బాలో వేయబోయి, కావాలనే పక్కకు జారవిడిచింది. మళ్లీ వేయబోయి, మళ్లీ జారవిడిచింది. ఎదురుగా కూర్చున్న పాప కాసేపు చూసి, దండ తీసుకుని నేరుగా డబ్బాలో వేసింది.

బయటికొచ్చాక ఆమె ముఖం వెలిగిపోతోంది.

"చూసిన్రా? నేను కింద పడేసిన. ఆ పిల్ల పడెయ్యలే. మన చెయ్యి ఏం చేసిందో కాదు, ఏం చేద్దామనుకున్నదో పిల్లలు పట్టుకుంటరు."

"దండ డబ్బల ఏసుడుకు గింత కథనా?" అన్నాను.

"మీకెట్ల సమజైతది. సగం ముచ్చట్లనే స్కూటర్ స్టార్ట్ చేస్తరు."

ఆమెకో అలవాటు ఉండేది. తాను కూర్చోబోయినా, ఎవరినైనా కూర్చోబెట్టబోయినా, దుమ్ము ఉన్నా లేకపోయినా, కొంగు చివరతో ఆ చోటు ఒకసారి తుడిచేది. పొలం పనుల మధ్య గట్టు మీద కూర్చునే వాళ్లమ్మ దగ్గర నుంచి వచ్చిందట. తుడిచి, అరచేత్తో తట్టి, "కూసో" అనేది. కొన్నాళ్లకు ఆమె తరగతిలోని పిల్లలంతా కూర్చునే ముందు అంగీ అంచులతో చాప తుడవడం మొదలుపెట్టారు. అడిక్‌మెట్ నుంచి ఒక తల్లి వచ్చి, "టీచర్, మావోడు ఇంట్ల సోఫా గూడ అంగితోనే తుడుస్తుండు. అంగీలన్నీ ఖరాబ్," అని మొరపెట్టుకుంది. "నేను నేర్పలేదమ్మా, వాడే నేర్చుకుండు," అని నా భార్య నవ్వింది. ఈ కథ చెప్పి పెళ్లి విందుల్లో ఎంతమందిని నవ్వించానో.

బడిలో ఏ పిల్లో బొత్తాంతో తంటాలు పడుతుంటే నా చేయి ఊరుకునేది కాదు. ఆమె ఆపేది. "ఆగుండ్రి. దాన్ని చేయనియ్యుండ్రి. మీకు పని అయిపోవాలె, గంతే."

ఇంట్లోనూ అంతే. సాయంత్రం టీ తాగాక పక్క కుర్చీ తుడిచి, "జర కూసోండ్రి," అనేది. నీళ్ల మోటార్ కట్టేయాలనో, లాలాపేట్‌లో పని ఉందనో నేను లేచేవాణ్ణి.

చలికాలంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. కుడివైపు పడిపోయింది. ఒక షాపు నుంచి రోగుల మంచం అద్దెకు తెచ్చి ముందు గదిలో వేశాం. మందులు, ముక్కు పైపులో జావ పోయడం, ఒంటిని ఇటూ అటూ తిప్పడం, ఏదీ వేళ తప్పనివ్వలేదు. ఎడమ చేయి మాత్రం కొద్దిగా ఆడేది. నేను గదిలోకి వస్తే చాలు, ఆ చేయి మంచం అంచు మీద అటూ ఇటూ పాకేది. దుప్పటి ముడత పడిందనుకుని సరిచేసేవాణ్ణి. మళ్లీ పాకేది. తడిసిందేమోనని మార్చేవాణ్ణి. జబ్బు గుణం అనుకుని వదిలేశాను.

మా అమ్మాయి నల్లకుంటలో ఉంటుంది. ఆఫీసుకు పోతూ తన చిన్న బిడ్డను మా దగ్గర వదిలేది. ఒక మధ్యాహ్నం జావ గిన్నెతో వచ్చేసరికి మనవరాలు స్టూలు వేసుకుని ఎక్కి, మంచం అంచున కాళ్లు ఊపుతూ కూర్చుని ఉంది. నా భార్య చేయి పాకడం లేదు. పాప వీపు మీద నిలిచి ఉంది.

"పైపు లాగుతవ్. దిగు," అని ఎత్తి దించాను.

పాప ఏడుస్తూ, "అమ్మమ్మ కూసో అన్నది," అంది.

మాట లేని మనిషి ఎలా అంటుంది అనుకున్నాను. పాపను వంటింట్లోకి తీసుకెళ్లి బిస్కెట్ ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆ చేయి మళ్లీ అంచు మీద పాకుతోంది. దుప్పటి సరిచేశాను.

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

కర్మలన్నీ అయ్యాక మంచం వాపసు ఇవ్వాలి. షాపువాళ్లు వస్తామన్న రోజు దుప్పటి తీసేశాను. నల్ల రెగ్జిన్ పరుపు మిగిలింది. వాళ్లకు పని తొందరగా తెములుతుందని పానా తీసుకుని నట్లు విప్పబోయాను.

"వాళ్లే ఇప్పుకుంటరు బాపూ. నువ్వుండు," అంది మా అమ్మాయి.

అప్పుడు మనవరాలు వచ్చింది. నీళ్లలో ఆడి గౌను తడుపుకుంది. ఆ గౌను అంచు చేత్తో పట్టుకుని మంచం అంచు తుడిచింది. అమ్మమ్మ చేయిలా పాకుతూ, తడబడుతూ కాదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా, శుభ్రంగా. ఆపైన అరచేత్తో తట్టింది.

"తాతా, కూసో."

చేయి ఏం చేద్దామనుకున్నదో పిల్లలు పట్టుకుంటారన్న ఆమె మాట బడి బయట విన్నది నేనే. ఆమె తుడిచే అలవాటును విందుల్లో కథగా చెప్పినదీ నేనే. అదే చేయి నా కళ్లముందు అదే పని చేయబోతుంటే నాకు దుప్పటి ముడత కనిపించింది. ఆమెకు అన్నీ చేశాను. ఆమె అడిగింది మాత్రం చేయలేదు. ఫోన్ చేసినవాళ్లకు ఇది చెప్పలేకపోయాను.

పానా కింద పెట్టి కూర్చున్నాను. పాప తన పని అయిపోయినట్టు బొమ్మల దగ్గరికి పోయింది. షాపువాళ్లు గేటు దగ్గర పిలిచారు. "జర ఆగుండ్రి అన్నా," అని మా అమ్మాయి వాళ్లతో అనడం వినిపించింది. నా పక్కన, ఇంకొక మనిషి కూర్చునేంత మేర, రెగ్జిన్ తడిగా మెరుస్తోంది. అది ఆరేదాకా లేవలేదు.