తల మీద చెయ్యి

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద అబద్ధమేమీ కాదు. ఒక్క మాట. "పోయింది" అన్నాను. పోలేదు.

నా పేరు చెప్పను. చెబితే మీలో కొందరు నన్ను గుర్తుపడతారు. ఖమ్మం చుట్టుపక్కల సభల్లో నా ఉపన్యాసాలు విని ఉంటారు, నా వ్యాసాలు చదివి ఉంటారు, ఒకరిద్దరు నాతో వాదనకు దిగి కోపంగా లేచి వెళ్లిపోయి ఉంటారు. పేరు దాచుకుని తప్పు ఒప్పుకోవడం పిరికితనమే. అదీ ఒప్పుకుంటున్నాను. ఇవాళ నా దగ్గరున్న ధైర్యం ఇంతే.

మాది కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి కల్లూరు దగ్గర పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఇంట్లో పూజలకు లోటు లేదు. నేను మాత్రం కాలేజీ రోజుల్లోనే వాదనల్లో పడ్డాను. గాల్లోంచి విభూది తీసే బాబాలు, గంజితో ఉండ కట్టిన బూడిదను వేళ్ల సందులో ఎలా దాస్తారో వేదిక మీద చేసి చూపించేవాణ్ని. నాలుక మీద కర్పూరం వెలిగించుకునేవాణ్ని. కళ్లతో చూశామని దేన్నీ నమ్మకండి, చూపించేవాడి చేతిలో ఏముందో ముందు వెతకండి అని గొంతు చించుకునేవాణ్ని. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నన్ను పట్టించేది ఇదే.

మెడ జబ్బు నెమ్మదిగా వచ్చింది. మొదట ఎడమ భుజం వెనక ఒక పోటు. తర్వాత అది చేతిలోకి దిగింది, బొటనవేలి దాకా, కాలిన తీగను ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టు. ఆ తర్వాత నడక తూలడం మొదలైంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం రాని రోజు వచ్చింది. హైదరాబాదులో డాక్టరు స్కాన్ చూసి ఆలస్యం చేయొద్దన్నాడు. మెడ ముందువైపు కోసి, పూసల మధ్య జారిన డిస్కు తీసేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాడు. అంతకుముందే నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు: ఇది వెన్నుపాము మీద ఒత్తిడి తీయడానికి, కాళ్లూ చేతులూ పడిపోకుండా కాపాడుకోవడానికి, నరం చాలాకాలం నలిగింది కాబట్టి నొప్పి మొత్తం పోతుందని మాటివ్వలేను. ఆయన నిజాయితీగల మనిషి. జరిగినదాంట్లో అబద్ధమాడింది నేనొక్కణ్నే.

నడక నిలబడింది. నొప్పి కూడా నిలబడింది. దిండు ఎత్తు పెంచినా తగ్గించినా మెడ ఊరుకోదు. బస్సు ఒక గతుకులో పడితే భుజంలో మంట లేస్తుంది. తుమ్ము వస్తుందేమోనని భయపడే మనిషిని మీరు చూశారా? నేను ఆ మనిషిని. ఒక్కటే ఉపశమనం ఉంది. ఎడమ చెయ్యి పైకి ఎత్తి అరచెయ్యి నెత్తిన పెట్టుకుంటే నరం కాస్త వదులవుతుంది, మంట దిగుతుంది. కానీ మన దగ్గర నెత్తిన చెయ్యి పెట్టుకుంటే ఏమంటారో మీకు తెలుసు. ఇంట్లో ఎవరో పోయినట్టు ఏంటా కూర్చోవడం అని మా అమ్మ నా చెయ్యి లాగేసేది. అపశకునాల మీద అన్ని వ్యాసాలు రాసినవాణ్ని, తలుపు గడియ పెట్టుకున్నాకే చెయ్యి నెత్తిన పెట్టుకునేవాణ్ని.

ఎందుకు దాచాను?

ఆపరేషన్‌కు ముందు సత్తుపల్లిలో ఒక చర్చ జరిగింది. నా మెడకున్న పట్టీని చూపించి అవతలి ఉపన్యాసకుడు, దేవుణ్ని తిట్టినోడి మెడ మీదే దేవుడు కూర్చున్నాడన్నాడు. జనం నవ్వారు. వాదనకు జవాబు చెప్పగలను గానీ నవ్వుకు ఏం చెబుతాం? ఆ నవ్వు నాతోనే ఆపరేషన్ బల్ల మీదికి వచ్చింది. కోలుకున్నాక అదే ఊళ్లో మళ్లీ సభ పెట్టించాను. బయలుదేరే ముందు నొప్పి మాత్రలు రోజూ వేసుకునేదానికంటే ఎక్కువ వేసుకున్నాను. మైకు ముందు మెడ మీది గాటు చూపించాను. ఎడమ చెయ్యి నిటారుగా పైకెత్తాను. ఈ చేతిని ఏ దేవుడూ దించలేదు, ఏ దేవుడూ ఎత్తలేదు, ఎత్తింది సైన్సు, నొప్పి పోయింది అన్నాను. చప్పట్లు మోగాయి. చొక్కా జేబులో మాత్రల అట్ట ఉంది. బాబా వేళ్ల సందులోని బూడిద ఉండకూ, నా జేబులోని అట్టకూ తేడా ఏమిటి? ఆ రోజు ఈ ప్రశ్న వేసుకోలేదు. చప్పట్లు వింటున్నాను.

ఆ జనంలో ముత్తయ్య ఉన్నాడు. ఏన్కూరు దాటాక అడవి అంచున ఉండే పల్లె వాళ్లది. మిర్చి కాలంలో ఖమ్మం వచ్చి బస్తాలు మోసేవాడు. అతనిదీ మెడే. చెయ్యి తిమ్మిరెక్కి, కాళ్లు తడబడుతున్నా, ఆపరేషనంటే భయపడి నెలల తరబడి తిరుగుతున్నాడు. సభ అయ్యాక వచ్చి నా ఎడమ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, సంతలో వస్తువును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. నొప్పికి నా కళ్లలో నీళ్లొచ్చాయి. అతను సంతోషం అనుకున్నాడు.

నేనే అతన్ని అదే డాక్టరు దగ్గరికి పంపాను. ఆ సలహా తప్పు కాదు. ఆపరేషన్ జరగకపోతే ముత్తయ్య మంచాన పడేవాడు. ఇది చదివి సంబరపడబోయే స్వాములకు ఒక మాట: సైన్సు నన్ను మోసం చేయలేదు, ముత్తయ్యను మోసం చేయలేదు. డాక్టరు నాకు చెప్పిన మాటే అతనికీ చెప్పాడు, నొప్పి ఉండిపోవచ్చని. కానీ ముత్తయ్య ఆ మాట తలకెక్కించుకోలేదు. ఎందుకు ఎక్కించుకోవాలి? నొప్పి పోయిన చేతిని తన చేతులతో పట్టుకుని చూసినవాడు.

అతని కాళ్లు నిలబడ్డాయి. నొప్పి పోలేదు.

అతన్ని పెంచింది చిన్నమ్మ బుచ్చమ్మ, బాబాయి భార్య. అతని చిన్నప్పుడే తల్లి చనిపోయింది. భర్త పోయాక బుచ్చమ్మ పక్క గుడిసెలో ఒక్కతే ఉండేది. ఆపరేషన్ గాటు మానాక ముత్తయ్య బాధ చూడలేక ఆమె రోజూ ఇప్పనూనె వెచ్చబెట్టి అతని భుజాలకు రాసేది. నొప్పి తగ్గలేదు. కొన్నాళ్లకు ఇంకా పెరిగింది. ముత్తయ్య బావమరిది మొదట అన్నాడట: రోజూ మెడ మీద చెయ్యి వేస్తున్నది ఎవరు అని. ఆ ఊళ్లో అంతకుముందు ఎవరినీ చేతబడి చేసిందని అన్న దాఖలా లేదు. ఈసారి మాట పుట్టింది. ఆగలేదు. పంచాయితీ పెట్టారు. అక్కడి బడి పంతులు నాకు ఫోన్ చేసి, మీరొచ్చి రెండు మాటలు చెబితే ముసలామె బతుకుతుందన్నాడు.

వెళ్లాను. బడి వరండాలో జనం కూర్చున్నారు. బుచ్చమ్మ మెట్టు కింద నేల మీద, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని. ముత్తయ్య స్తంభానికి ఆనుకుని, చెయ్యి నెత్తిన పెట్టుకుని ఉన్నాడు. ఎవరో, చావింట్ల గూసున్నట్టు ఏందిరా గది, దించు అన్నారు. అతను దించలేదు. అక్కడున్న వాళ్లలో అతను చెయ్యి ఎందుకు అలా పెట్టుకున్నాడో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నా ఎడమ భుజం అప్పుడే రగులుతోంది. నా చెయ్యి ఒళ్లోనే పెట్టుకున్నాను.

చాలాసేపు మాట్లాడాను. మంత్రాలకు చింతకాయలు రాలవన్నాను, నాకు చేతబడి చేయమని సవాలు విసిరాను. బాగా మాట్లాడాను. విన్నారు. అప్పుడు ముత్తయ్య అడిగాడు.

"సారూ, నీదీ నాదీ ఒక్కటే ఆపరేషన్ గదా?"

"అవును."

"ఒక్క డాక్టరే గదా."

"అవును ముత్తయ్యా."

"మరి నీకు పోయింది, నాకెందుకు పోలే? ఏంది ఫరక్?"

"అందరి శరీరం ఒకలా ఉండదు. కొందరికి ఆలస్యం అవుతుంది."

"గంత పెద్ద మాటలొద్దు సారూ. నీకు పోయిందా లేదా, గదొక్కటి చెప్పు. ఒట్టేం వద్దులే, నువ్వు ఒట్లు నమ్మవు గదా."

జనం నవ్వారు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ నవ్వులో నాకు సత్తుపల్లి నవ్వు వినిపించింది. పంతులు నా వైపు చూస్తున్నాడు. బుచ్చమ్మ కూడా తల ఎత్తి చూసింది.

"పోయింది" అన్నాను.

ముత్తయ్య తల ఊపాడు. అతని బావమరిది లేచి, "ఇగ విన్నరు గదా" అన్నాడు. అంతే.

ఎన్నిసార్లు మనసులో ఆ వరండాలోకి తిరిగి వెళ్లానో. ముత్తయ్య తర్కంలో ఎక్కడ తప్పుంది? వెతికాను. లేదు. రోగం ఒకటే, వైద్యం ఒకటే, డాక్టరు ఒకడే. ఫలితం మాత్రం వేరు. అయితే కనబడని కారణం ఇంకేదో ఉండాలి. నేను నేర్పిన పద్ధతిలోనే ఆలోచించాడు. తప్పుడు ఆధారం ఇచ్చింది నేను. నా ఉపన్యాసమంతా అక్కర్లేదు. "నాకూ పోలేదు ముత్తయ్యా" అంటే చాలు. అతని నెత్తిన ఉన్న చెయ్యిలాగే నా చెయ్యీ నా నెత్తిన పెట్టుకుంటే చాలు, మాట కూడా అక్కర్లేదు. అంత తేలికైన రుజువు నా జీవితంలో ఇంకెప్పుడూ నా చేతిలో లేదు.

బుచ్చమ్మను ఎవరూ కొట్టలేదు. కూలికి పిలవడం మానేశారు. బోరింగు దగ్గర ఆమె వస్తే బిందెలు పక్కకు జరిపేవారు. కొద్దికాలానికి దమ్మపేట వైపు కూతురి ఊరికి వెళ్లిపోయింది. నేను ఆ సంగతి మీద వ్యాసం రాశాను. ఎంత చెప్పినా ఆ పల్లె చీకటి చెదరలేదని రాశాను. బాగుందని ఫోన్లు వచ్చాయి.

తర్వాత ఒకసారి దమ్మపేట బస్సులో వెళుతున్నాను. రోడ్డు పాడైపోయి ఉంది. తెలిసినవాళ్లు ఎవరూ లేరనుకుని చెయ్యి నెత్తిన పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఇప్పనూనె వాసన తగిలి తెరిచేసరికి పక్క వరుసలో బుచ్చమ్మ. ఎప్పుడు ఎక్కిందో. నన్ను, నా చేతినీ చూస్తోంది.

"మా ముత్తయ్య గూడ గట్లనే వెట్టుకునేటోడు అయ్యా" అంది.

నేను చెయ్యి దించేశాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. దిగేటప్పుడు కూడా నా వైపు చూడలేదు. ఆమెకు అర్థమైందా? అర్థం కాలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అర్థమైంది. ఆమె చేతులకు ఆ భుజాలు తెలుసు. ఒక బస్సు ప్రయాణం పొడుగునా నాకు రెండో అవకాశం పక్క వరుసలో కూర్చుని ఉంది, దాన్నీ దిగిపోనిచ్చాను. ఆ రోజు నుంచి ఇప్పనూనె వాసన తగిలితే చాలు, నా చెయ్యి దానంతట అదే ఒళ్లోకి దిగిపోతుంది.

ఈమధ్య ముత్తయ్య ఫోన్ చేశాడు. చిన్నమ్మ కూతురింట్లో చనిపోయిందని చెప్పాడు. అతను ఏడవలేదు. ఏదో లెక్క తేలని మనిషిలా ఉంది గొంతు. "ఆమె పోయినా నొప్పి పోలే సారూ. అంటే ఆమె గాదు. ఇంకెవరో ఉన్నరు" అన్నాడు. ఆ తర్వాత ఒక పేరు చెప్పాడు. వాళ్ల వీధిలోనే ఉన్న, బతికున్న ఒక ఆడమనిషి పేరు.

అప్పుడు చెప్పాను. నాకు పోలేదని. ఎప్పుడూ పోలేదని. సత్తుపల్లిలో నా చెయ్యి ఎత్తించింది మాత్రలేనని. పంచాయితీలో చెప్పింది అబద్ధమని. అవతల ఎక్కడో కోడి కూత, అతని ఊపిరి.

"గీ మాట చిన్నమ్మ ఉన్నప్పుడు చెప్పకపోతివి" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

ఆ రెండో పేరు అతను వదిలేశాడో లేదో నాకు తెలియదు. అందుకే రేపు ఏన్కూరు బస్సు ఎక్కుతున్నాను. అదే వరండాలో, ఆ మనుషుల ముందే చెప్పాలి. వింటారో, తరిమేస్తారో. తరిమినా న్యాయమే. బుచ్చమ్మ వినదు. ఆమెకు చెప్పవలసింది ఆమెకు చెప్పే దారి లేదు, చనిపోయినవాళ్లు వింటారని నమ్మే ఓదార్పు కూడా నాకు లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కు మీది కాదు.

ఇదంతా మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. కుడి చేత్తో రాస్తున్నాను. ఎడమ చెయ్యి నెత్తిన ఉంది. తలుపు వెయ్యలేదు. ఇందాక పాలకు వెళుతున్న ఎదురింటాయన గేటు దగ్గర ఆగాడు.

"ఏంది సారూ, నెత్తిన చెయ్యి? ఏమైంది?"

"మెడ నొప్పి" అన్నాను.

"అదెప్పుడో పోయింది గదా?"

"పోలేదు" అన్నాను.