జర్మన్ సారుకు కడుపు నిండిన రోజు

ఇప్పటి పిల్లలు ఫోన్ చేతిలో పెట్టుకుని ఏ దేశం మాటలైనా నవ్వుకుంటూ నేర్చేసుకుంటున్నారు గానీ, మా కాలంలో పరాయి భాష అంటే ముందు భయం వచ్చేది, భాష ఆ తర్వాత ఎప్పుడో వచ్చేది. ఎనభైల్లో బోధన్‌లో తొమ్మిదో తరగతి చదువుతున్న నాకు ఇంగ్లీషే అంతంత మాత్రం. అలాంటిదాన్ని జర్మన్‌లోకి దించింది మా సైన్సు సారు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఏదో ట్రైనింగుకని జర్మనీలో ఉండి వచ్చారట. ఆ భాష ఎక్కడ మర్చిపోతానోనన్న దిగులుతో, బడి వదిలాక మమ్మల్ని నలుగురైదుగురిని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి మాట్లాడించేవారు (ఫీజు లేదు సరిగదా, చాయ్ కూడా పోసేవారు). ఒకరు "గూటెన్ టాగ్" అని నమస్కారం చెబితే ఇంకొకరు తిరిగి చెప్పాలి. పేరు అడగడం, రైల్వే స్టేషన్ ఎక్కడని అడగడం, హోటల్లో కడుపు నిండిందని చెప్పడం, ఇవీ మా పాఠాలు. బడిలో నన్ను లేపి ప్రశ్న అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఆ అరుగు మీద మాత్రం నా వంతు వచ్చేది. అందుకే అదంటే నాకు ప్రాణం.

మా నాయనమ్మకు (మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం) ఇది బొత్తిగా నచ్చలేదు. "ఆడపిల్ల పొద్దూకినంక ఇంటికొస్తుంది. గా భాష నేర్సి ఎవలతోని మాట్లాడుతదిరా?" అని రోజూ మా బాపును పట్టుకునేది. బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆ ఏడు కొత్త మిషన్ బిగించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. బాపు రోజంతా ఆయన పక్కనే సైగలతో పని నెట్టుకొచ్చేవాడు. ఒక సాయంత్రం ఇంటికి రాగానే తీర్పు చెప్పినట్టు చెప్పాడు: "ఐతారం జర్మన్ సారును బువ్వకు పిలిసిన. పిల్ల మాట్లాడుతది. మాట్లాడితే క్లాసుకు పోతది, లేకుంటే బంద్." ఆదివారంలోగా జ్వరం రావాలని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. ఒక్క తుమ్ము కూడా రాలేదు.

ఆదివారం ఆ ఇంజనీరు వచ్చాడు. తల వంచి మరీ గడప దాటాడు. మా లైనులోని క్వార్టర్ల వాళ్లంతా వాకిట్లో చేరారు. నేను "గూటెన్ టాగ్" అన్నాను. ఆయన మొహం విప్పారింది. అంతవరకు బాగానే ఉంది, ఆ ఆనందంలో ఆయన గడగడా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. (మా అరుగు మీద ఎవరూ పాఠం దాటి మాట్లాడేవారు కాదు మరి.) ఆయన ఆగాడు. అందరూ నా వైపు చూశారు. నోటికి దొరికిన వాక్యం అనేశాను: రైల్వే స్టేషన్ ఎక్కడండీ, అని. ఆయన పాపం కాసేపు ఆలోచించి, కిటికీలోంచి ఎటో చూపించాడు. వాకిట్లో వాళ్లు తలలూపారు. బాపు మీసం దువ్వుకున్నాడు. గండం గడిచిందనుకున్నాను.

అసలు గండం కంచం ముందు కూర్చున్నాక మొదలైంది. మా వైపు చుట్టం "చాలు" అంటే అది మర్యాదకనే మాట. దాన్ని నమ్మి వడ్డన ఆపిన ఇంటి గురించి నలుగురూ చెప్పుకుంటారు. నిజంగా చాలైనవాడు కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వంగిపోవాలి, అప్పటికీ వేళ్ల సందుల్లోంచి ఇంత పడుతుంది. ఇక కంచం ఖాళీ అయిందంటే ఇంకా ఆకలి ఉన్నట్టే లెక్క. వాళ్ల దేశంలోనేమో పెట్టింది వదిలేయడం తప్పట. అవ్వ బగారన్నం, కోడికూర పెట్టింది. ఆయన శుభ్రంగా తిని "ఇష్ బిన్ జాట్" అన్నాడు. మా హోటలు పాఠంలోదే. "అవ్వా, కడుపు నిండిందంటుండు" అన్నాను. అవ్వ ఇంకో గరిటె వేసింది. ఆయన దాన్నీ తిని మళ్లీ అదే మాట అన్నాడు, నేను మళ్లీ అదే చెప్పాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"నిండితే గట్ల ఊడ్సుకొని తింటడా? పిల్లకు ఏం రాదురా. నోటికొచ్చింది సెప్తుంది."

బాపు మొహం మారింది. "సక్కగ ఇను బిడ్డ. ఆకలైతుందంటుండేమో" అన్నాడు మెల్లగా.

నేను చెప్పేది అక్షరాలా నిజం. కానీ ఆయన కంచం ఖాళీ చేసిన ప్రతిసారీ నేను అబద్ధాలకోరునవుతున్నాను. పైగా నెయ్యి ఓడుతున్న బక్ష్యాలు (బొబ్బట్లు) వచ్చాయి. ఆయన మెడ కందిపోయింది, ముక్కు చివర నుంచి చెమట కారుతోంది, కళ్లు నన్నే వేడుకుంటున్నాయి. ఈయనకేమైనా అయితే మిషన్ ఏమవుతుంది, బాపు ఏమవుతాడు, నా అరుగు ఏమవుతుంది? దీనికి ఏ పాఠంలోనూ మాట లేదు. తెలిసిన ముక్కలే ఏరుకుని గట్టిగా అనేశాను: "బిట్టె, నిష్ట్ ఎస్సెన్."

ఆయన చేయి నోటి దగ్గరే ఆగింది. బక్ష్యం ముక్క వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు (వంట గురించి ఏం అనుమానం వచ్చిందో పాపం). నేను ఉరికి వెళ్లి, ఆయన కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టి చూపించాను. ఆయనకు అర్థమైంది. ముక్క వదిలేసి, తన పెద్ద చేతులు రెండూ కంచం మీద పరిచి, దాని మీదికి వంగిపోయాడు. అవ్వ చేయి ఆగింది.

"ఏమన్నవే ఆయనతోని?" అన్నాడు బాపు.

అబద్ధం తోచలేదు. "తినకుండ్రి అన్న."

ఇంటికొచ్చిన చుట్టాన్ని తినొద్దని అనడం మా వంశంలోనే లేదు. క్లాసు సంగతి సరే, ఇంట్లో ఉండనిస్తారా అనిపించింది. అవ్వ గిన్నె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, కంచం మీద వంగి ఉన్న ఆ మనిషిని చాలాసేపు చూసింది.

"పోనియ్ రా దాన్ని క్లాసుకు" అంది చివరికి. "తినొద్దంటె తినుడు ఆపిండు. పిల్లకు భాష వచ్చింది."

సైన్సు సారుకు బదిలీ అయ్యేదాకా ఆ అరుగు మీద ఇంకా చాలా నేర్చుకున్నాను, దాదాపు అంతా మర్చిపోయాను. పెద్దయ్యాక ఉద్యోగంలో ఎంతోమంది పెద్దవాళ్ల ముందు, తప్పుల్లేకుండా, ఎంతో మర్యాదగా మాట్లాడాను. కానీ ఎవరూ నేర్పని మాటను, భయంతో చచ్చిపోతూ కూడా, ఎదుటి మనిషి కోసం గట్టిగా అన్నది ఆ ఒక్కసారే. ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. నవ్వయ్యాక, ఆ పిల్ల ఎటు పోయిందా అనిపిస్తుంది.