మా అత్త ముక్కూ, మా బోటూ

మా ఊరి జనానికంతటికీ చాటింపు: ఈ రోజు నుంచి ఎవరైనా, ఎప్పుడైనా, ఎవరి గుమ్మంలోనైనా ధారాళంగా తుమ్ముకోవచ్చు. ఎన్నాళ్ల నుంచి తుమ్ముతున్నావు, ముక్కు కారుతోందా, మూసుకుపోతోందా, డాక్టరుకి చూపించావా అని నిలదీసే మనిషి ఇక లేదు. మా మేనత్త పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూసింది. పెద్ద వయసు. పడుకున్నది పడుకున్నట్టే వెళ్లిపోయింది. ఆమెను సాగనంపడానికి ఆ రోజు మా ఊళ్లో ఒక్క బోటూ సముద్రంలోకి దిగలేదు. ఆమె వల్ల బోట్లు ఆగడం కొత్తేమీ కాదు. గౌరవంతో ఆగడమే కొత్త.

మాది చేపల మీద బతికే ఊరు. బోటు తోసేటప్పుడు ఒడ్డున ఎవరైనా తుమ్మితే తోసేవాళ్లు చేతులు తీసేస్తారు. ఇసకలో కూర్చుని, నీళ్లు తాగి, కాసేపాగి లేస్తారు. మా అత్తకి ఒక్క తుమ్ముతో ఎక్కడ తీరుతుంది? చలి తగ్గి సరుగుడు తోటలు పూతకొచ్చి, ఆ పుప్పొడి గాలిలోకి లేచిందంటే ఆమె ముక్కు బోటు ఇంజనులా అందుకునేది. కళ్లు ఎర్రబడి, ఊపిరి తిప్పుకోలేక కూలబడేది. వాళ్లు నీళ్లు తాగి లేచేలోపు మళ్లీ తుమ్మేది. పొద్దెక్కేది, పెట్టెల్లో ఐసు కరిగిపోయేది.

మావయ్య కాలు విరిగి ఇంట్లో కూర్చున్నాక బోటులో ఆయన వంతు పనంతా అత్తదే. వలలు బాగుచెయ్యడం, ఐసు ఎక్కించడం, బోటు కదిలేముందు దాని మీద చెయ్యేసి దండం పెట్టడం. అయినా ఒక ఏడాది ఆమె మరిది, అంటే బోటు నడిపే మా చిన్నమావ, గుమ్మంలోకి వచ్చి తల గోక్కున్నాడు.

"వదినా, సరుగుడు పూత అయ్యేదాకా నువ్వు ఒడ్డుకి రాకు. కుర్రోళ్లు బయపడతన్నారు. అపసకునమట."

"సకునం నా ముక్కులో ఉన్నాదేటి మరిదీ?" అంది అత్త. అని, తుమ్మింది.

ఆ ఏడాది ఆమె తలుపు చాటున కూర్చుని, చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తన బోటు ఇంజను చప్పుడు వింటూ ఉండేది. ఎవరికీ తల వంచని మనిషి. నోటి దురద ఆపుకోలేని నాకు కూడా అప్పుడు వేళాకోళం రాలేదు.

మా ఊరి సూది డాక్టరు సూది పొడిస్తే సాయంత్రానికి తుమ్ములు బందయ్యేవి. కొన్నాళ్లకి మళ్లీ తుమ్ములు, మళ్లీ సూది. మొహం ఉబ్బడం మొదలెట్టింది. అప్పుడు పిలిచింది నన్ను.

"ఒరే అల్లుడా, బండి తియ్యి. సిక్కోలు పెద్దాసుపత్రికి ఎల్దుం."

"తుమ్ములకి పెద్దాసుపత్రేటే అత్తా? నవ్వుతారు."

"నవ్వనీరా. నవ్వితే నీ మొకం సూసి నవ్వుతారు."

శ్రీకాకుళంలో డాక్టరమ్మ నవ్వలేదు. ఏ నెలల్లో వస్తాయి, ఇంట్లోనా ఒడ్డునా, ఆయాసం ఉందా అని అడిగింది. గొట్టం పెట్టి ఊపిరి విన్నది. ముక్కులోకి దీపం వేసి చూసింది. ఎలర్జీ అంది, సరుగుడు పుప్పొడి మీదే అనుమానం అంది. మొహం ఉబ్బింది ఆ సూదుల వల్లే, ఇంక వద్దని గట్టిగా చెప్పి, మగత రాని మాత్రా, ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసింది.

"అయితే అపసకునం కాదు కదమ్మా?" అంది అత్త. అంత చిన్న గొంతు ఆమెకుందని నాకు తెలీదు.

"జబ్బమ్మా. మందున్న జబ్బు."

దారి పొడుగునా నా వెనక కూర్చుని అదే పాట. "మందున్న జబ్బురా అల్లుడా. ఇన్నావా?"

కొన్నాళ్లు ఆ స్ప్రే కొట్టుకుంది. తగ్గలేదు. "అది సెంటు అత్తా, చంకల్లో కొట్టుకో" అన్నాను నేను. ఇంకొకరైతే ఆ సీసా చూరులో దోపి మళ్లీ సూదికి పోదురు. మా అత్త సీసా పట్టుకుని డాక్టరమ్మ మీదకి దండయాత్రకి బయల్దేరింది. ఎలా కొట్టుకుంటున్నావో చూపించమంది ఆవిడ. అత్త తల వెనక్కి వాల్చి, గట్టిగా ఎగపీల్చి, గుటక వేసింది.

"మందంతా గొంతులోకి పోతోందమ్మా" అని నవ్వింది డాక్టరమ్మ. తల కొంచెం వంచాలట. సీసా మూతి ముక్కు మధ్య గోడకి కాకుండా చెవి వైపుకి తిప్పాలట. మెల్లగా పీల్చాలట. తగ్గినా తగ్గకపోయినా కొన్ని రోజులు మానకుండా కొట్టాలట. వచ్చే ఏడు పూత రాకముందే మొదలెట్టాలట.

ఎవరికీ తల వంచని మా అత్త ఆ సీసాకి మాత్రం రోజూ పొద్దున్నే వంచింది. ఉబ్బు దిగింది, నిద్ర పట్టింది.

మరుసటి ఏడు సరుగుడు పూసింది. అత్త ఒడ్డుకొచ్చింది. కుర్రోళ్లు బోటు మీద చేతులేసి ఆమె ముక్కు వంక చూస్తూ నిలబడ్డారు. అప్పుడు తుమ్మాడు చిన్నమావ! చేతులన్నీ లేచిపోయాయి.

"తుమ్మింది నీ ముక్కు మరిదీ, సముద్రం కాదు. తొయ్యండ్రా!" అంది అత్త. బోటు కదిలింది. ఆ తర్వాత మా వీధిలో ఎవరు తుమ్మినా అత్తకి చిక్కేవారు. తల ఎంత వంచాలో తన తల వంచి చూపించేది.

ఇంతా రాసి ఒకటి ఒప్పుకోవాలి. చిన్నమావ తుమ్ము పచ్చి కల్పన. ఆ పొద్దున తుమ్మింది అత్తే. మందు వరస తుమ్ములు మాన్పించింది గానీ ఒకటీ అరా వస్తూనే ఉండేవి. ఆమె పరువు కాపాడదామని ఆయన నెత్తిన రుద్దాను. ఆమెకి నా కాపలా ఎందుకు?

ఒక్క తుమ్ము. చేతులన్నీ లేచాయి. అత్త చెంగుతో ముక్కు తుడుచుకుని, "తుమ్మింది నా ముక్కురా, సముద్రం కాదు" అంది. చీర ఎగదోపి, తానే బోటుకి భుజం ఆనించింది. ముందు చిన్నమావ చెయ్యి వచ్చి చేరింది, తర్వాత ఒక్కొక్కటే మిగతావి. బోటు మొదటి కెరటం దాటేదాకా ఆమె మోకాలి లోతు నీళ్లలోనే ఉంది, సరుగుడు తోటల గాలి వీపుకి తగులుతుండగా, ముక్కుకి ఏ గుడ్డా అడ్డం లేకుండా.