సీసా తేరేదాకా

పోయిన గురువారం ఉదయం మా మరిది కన్నుమూశాడు. అప్పటికి పది రోజులుగా మాట లేదు.

పురసవాక్కంలో మా ఇంటి మేడ మీద ఉండేవాడు. ఉద్యోగమంతా సముద్రం మధ్య చమురు బావుల మీద. అందులోనూ ముసలి బావులు. వాటిలోంచి వచ్చేది నూటికి తొంభై పాళ్ళు నీళ్ళే. మిగిలిన పది పాళ్ళ కోసం అతని తాపత్రయం.

"నీళ్ళొస్తా ఉండాయంటే చమురు అయిపోయిందని కాదొదినా. భూమిలో ఏ పొరలోనించి వస్తా ఉండాయో కనిపెట్టి ఆడ అడ్డం కట్టాల. గట్టిగా లాగితే మాత్రం నీళ్ళే ముందు ఎగబడతాయి" అనేవాడు.

బావి నుంచి సీసాలో పట్టినదాన్ని ఒక రోజు కదపకుండా ఉంచి, నీళ్ళు అడుక్కి దిగి చమురు పైకి తేరాకే కొలవాలట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. కాఫీ నురగ దిగేదాకా ముట్టేవాడు కాదు.

"చిన్న తాతా, కాఫీ ఆరిపోయె. రిపోర్టు ఎప్పుడిస్తావు?" అని మా మనవరాలు ఎగతాళి చేస్తే నవ్వేవాడు.

రెండేళ్ళ కిందట, కొత్తగా చేరే ఇంజనీర్ల కోసం తన పాత నోటుబుక్కులు ఎత్తిరాయమని నాకిచ్చాడు. ప్రతి సీసాకూ పట్టిన వేళ, కొలిచిన వేళ రాసి ఉన్నాయి. ఒక బావి దగ్గర మాత్రం రెంటికీ మధ్య ఇరవై నిమిషాలే. ఆ కొలత కిందే, బావి మూసేయమని అతని సంతకం.

"ఇదేంది, ఈ సీసా తేరనే లేదే?" అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని రెండు వేళలూ మళ్ళీ చదివాడు. "ఆ పొద్దు తుఫాను వదినా. హెలికాప్టరు కాచుకోనుండె. చమురు నీళ్ళల్లో కలిసుండంగానే కొలిచినా. అంతా నీళ్ళేనని రాసేసినా."

ఆ బావిని మళ్ళీ పరీక్షించమని ఆఫీసుకు ఉత్తరం పెట్టాడు. భాష నేనే దిద్దాను. ఎప్పుడో సిమెంటు పోసి మూసేశామని, ఇక తెలుసుకునే వీలు లేదని జవాబు వచ్చింది.

అప్పటినుంచి అన్నం మధ్యలో అతని చెయ్యి ఆగిపోయేది. "ఆడ ఎంత ఉండిందో వదినా?"

ఒకనాడు, నేను నోరు మూసుకొని ఎత్తిరాసి ఉంటే బాగుండేదా అని అడిగేశాను.

"తప్పు అట్నే పోయుండును. కొత్తగా చేరే పిల్లకాయలు చదివేది గదా" అన్నాడు. నా మొహం చూడలేదు. నన్ను క్షమించాడో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

మొన్న అతని గది సర్దుతుంటే అల్మారాలో ఒక సీసా కనబడింది. చీటీ మీద అక్షరాలు చెరిగిపోయాయి, ఏ బావిదో తెలియదు. తీస్తుంటే అల్మారా అంచుకు తగిలి, లోపలున్నదంతా కలిసి మట్టిరంగైంది. కిటికీ గట్టున నిలబెట్టి వేళ రాసుకున్నాను. సీసా కదులుతుందని ఆ కిటికీ తలుపు ఎవరినీ తియ్యనివ్వడం లేదు.

నిన్న పొద్దున, పైన నూలుపోగంత నల్లటి గీత కనబడింది. ఇవాళ చూస్తే ఇంకాస్త లావైంది.